తీసుకుపొమ్మని ప్రార్థిస్తే పాపమా?

(రేడియో ప్రసంగ పాఠము)



కొంతకాలము క్రితము మంచిర్యాల వైపు నుండి ఒక సహోదరి ఉత్తరము వ్రాశారు. నాలుగు పుటల ఉత్తరము. పేరు చెప్పవద్దని కోరారు కనుక చెప్పను. ఆమె మామగారు బొగ్గు గనిలో పనిచేసి దిగిపోయిన మనిషి. మూడేండ్ల క్రితము పక్షవాతము వచ్చి మంచాన పడ్డారు. మాట లేదు. భర్త దుబాయిలో ఉన్నారు. ఇద్దరు చిన్న పిల్లలు, కిరాయి ఇల్లు. రాత్రి రెండు మూడుసార్లు లేచి ఆయనను పక్కకు తిప్పాలి, గుడ్డలు మార్చాలి, ముక్కులో వేసిన గొట్టములో జావ పోయాలి. ఇదంతా వ్రాసి, చివర ఒక్క ప్రశ్న అడిగారు. "అయ్యగారూ, ప్రభువా ఈయనను తీసుకుపో అని నేను రోజూ ప్రార్థన చేస్తున్నాను. ఇది పాపమా?"

ఆ ఉత్తరమును వారము దినాలు నా బైబిలులోనే పెట్టుకున్నాను. వెంటనే జవాబు వ్రాయలేకపోయాను. ఎందుకంటే ఈ ప్రశ్న ఆ సహోదరి ఒక్కరిది కాదు. పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాలలో మంచము మీద మనిషి ఉన్న ఏ ఇంటికి వెళ్ళినా ఈ ప్రశ్న ఆ ఇంట్లో ఉంటుంది. పైకి అడగరు, అంతే. అవ్వను చూడడానికి వచ్చిన చుట్టము బయటికి వచ్చి, "పాపం, తొందరగా పోతే బాగుండు" అని గొంతు తగ్గించి అంటాడు. విన్నవారు తల ఊపుతారు. ఎవరూ దానిని హత్య అనుకోరు, దయ అనే అనుకుంటారు. మరి ఆ దయ ఎవరి మీద? మంచము మీద ఉన్న మనిషి మీదనా, మంచము పక్కన ఉన్న మనిషి మీదనా?

ఈ వారము ఈ సంగతి కొంచెము నిదానముగా ఆలోచిద్దాము.

"కారుణ్య మరణము" అనే మాట మనకు వార్తాపత్రికలు నేర్పాయి. సోమవారము నాడు కలెక్టరు కార్యాలయములో ప్రజావాణి జరుగుతుంది కదా. అక్కడికి వచ్చే దరఖాస్తులలో "మాకు కారుణ్య మరణానికి అనుమతి ఇవ్వండి" అని వ్రాసినవి అప్పుడప్పుడు ఉంటాయి. పత్రికలో ఫోటోతో సహా వస్తుంది. నయము కాని జబ్బుతో ఉన్న బిడ్డను ఎత్తుకొని తల్లిదండ్రులు ఒక వారము నిలబడతారు. భూమి పట్టా కాలేదని ఒక ముసలి రైతు మరొక వారము నిలబడతాడు. వారు నిజముగా చావును అడుగుతున్నారా? లేదు. ఆ కాగితము కింది సగము చదవండి. మందుల ఖర్చు, పింఛను, పాసుపుస్తకము ఉంటాయి. మామూలుగా అడిగితే ఎవరూ తల ఎత్తి చూడలేదు కనుక చావు పేరు చెప్పి అడుగుతున్నారు. పాశ్చాత్య దేశాలలో ఈ మాట మీద జరిగే వాదన వేరు. అక్కడ నా దేహము, నా ఇష్టము అని వాదిస్తారు. మన దగ్గర ఇక నా వల్ల కాదు అని చెప్పడానికి ఆ మాట వాడుతున్నారు.

మోషే కూడా అదే మాట అన్నాడు. అరణ్యములో జనమంతా మాంసము కావాలని ఏడ్చినప్పుడు, ఈ జనమును ఒంటరిగా మోయడము తన వల్ల కాదని, ఇలాగే ఉంటే తనను చంపివేయమని దేవునినే అడిగాడు. సంఖ్యాకాండము పదకొండవ అధ్యాయములో ఉన్నది, చదువుకోండి. దేవుడు అతనిని గద్దించలేదు, ఆ కోరిక తీర్చనూ లేదు. డెబ్బదిమంది పెద్దలను పిలిపించి, భారమును వారికి పంచాడు. బదరీవృక్షము కింద చావు కోరిన ఏలీయాకు రొట్టె, నీళ్ళు, నిద్ర దొరికాయి. ఈ రెండు సంగతులు మనసులో పెట్టుకొని మిగిలినది వినండి.

ముందు చట్టము ఏమంటున్నదో చూద్దాము. ఇది పాస్టర్లకు కూడా సరిగా తెలియదు. నాకూ కొన్నేండ్ల క్రితము వరకు తెలియదు.

2004 డిసెంబరులో హైదరాబాదులో జరిగిన సంగతి మీలో కొందరికి గుర్తుండవచ్చు. వెంకటేశ్ అనే యువకుడు, వయస్సు 25 సంవత్సరాలు, చదరంగము ఆటగాడు. చిన్ననాటి నుండి కండరాలు క్రమంగా క్షీణించిపోయే డుషేన్ అనే జబ్బు. చివరకు ఆసుపత్రిలో శ్వాసయంత్రము మీద ఉన్నాడు. తాను ఎలాగూ బ్రతకనని అతనికి తెలుసు. తన అవయవాలు పాడుకాక ముందే తీసి ఇతరులకు ఇవ్వమని కోరాడు. అతని తరపున తల్లి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్ళింది. మెదడు మరణించిందని వైద్యులు నిర్ధారించిన తరువాతనే ఆ అవయవాలు తీయాలని చట్టము చెబుతున్నది కనుక, బ్రతికి ఉన్న మనిషి దగ్గర తీయడానికి వీలు లేదని కోర్టు కాదన్నది. ఆ తరువాత కొద్ది సమయానికే అతడు మరణించాడు. కళ్ళు మాత్రము దానము చేయగలిగారు.

అప్పుడు మన సంఘాలలో చాలామంది "చావు కోరుకున్న అబ్బాయి" అని అతని గురించి మాట్లాడారు. అది అన్యాయపు మాట అని నా ఉద్దేశము. అతడు నొప్పి భరించలేక చావు అడగలేదు. ఎలాగూ పోతున్న ప్రాణమును ఎవరికైనా ఉపయోగపడేలా పోనివ్వమని అడిగాడు. కోర్టు కాదనడము సరియే. ఈ రోజు ఇవ్వదలచిన వాని నుండి తీస్తే, రేపు ఇవ్వదలచని పేదవాని నుండి తీసేవారు బయలుదేరుతారు. కోరిక మంచిదే, తీర్పూ సరియే, తల్లికి మాత్రము రెండు దుఃఖాలు.

తరువాత 2011 వచ్చింది. ముంబయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో అరుణా శానబాగ్ అనే నర్సు 1973లో జరిగిన ఘోరమైన దాడిలో స్పృహ కోల్పోయింది. అప్పటి నుండి అదే ఆసుపత్రిలో మంచము మీదనే ఉన్నది. ఆమెకు ఆహారము ఆపి ప్రాణము పోనివ్వాలని ఒక రచయిత్రి సుప్రీంకోర్టును కోరారు. ఆ ఆసుపత్రి నర్సులు, వైద్యులు ఒప్పుకోలేదు. ఆమె తరపున మాట్లాడే అర్హత ఎవరిది అన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఇన్నేండ్లు సేవ చేస్తున్న ఆసుపత్రి సిబ్బందిదే అని కోర్టు చెప్పింది. గమనించారా? పుస్తకము వ్రాసినవారికి కాదు, రోజూ ఒళ్ళు తుడిచినవారికి మాట్లాడే హక్కు ఇచ్చారు. ఆమె 2015 మే నెలలో, సుమారు 42 సంవత్సరాలు ఆ స్థితిలో ఉన్న తరువాత, న్యుమోనియాతో మరణించింది. ఆ తీర్పులోనే, కోలుకునే ఆశ లేని రోగికి ప్రాణాధార చికిత్స ఆపడానికి హైకోర్టు అనుమతితో వీలున్నదని మొదటిసారి చెప్పారు.

2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము మరొక అడుగు వేసింది. గౌరవముగా మరణించడము కూడా జీవించే హక్కులో భాగమే అన్నది. స్పృహ ఉన్నప్పుడే, నాకు ఇటువంటి స్థితి వస్తే యంత్రాల మీద ఉంచవద్దు అని ముందుగా వ్రాసిపెట్టుకోవచ్చు అన్నది. కానీ ఆ పద్ధతి ఎంత కష్టమంటే, ఎవరూ వాడుకోలేకపోయారు. మేజిస్ట్రేటు ముందు సంతకము పెట్టాలి. కోరుట్లలోనో ఖానాపూర్‌లోనో ఉన్న ముసలాయనకు అది అయ్యే పనేనా? 2023 జనవరిలో దానిని సులభము చేశారు. ఇప్పుడు ఇద్దరు సాక్షులతో వ్రాసి, నోటరీ దగ్గరో గెజిటెడ్ అధికారి దగ్గరో ధ్రువీకరించుకుంటే చాలు. నా తరపున నిర్ణయము ఎవరు చెప్పాలో కూడా అందులో వ్రాయాలి. ఆ స్థితి వచ్చినప్పుడు ఆసుపత్రిలోని ఒక వైద్య బృందము, దాని తరువాత జిల్లా వైద్యాధికారి పంపిన వైద్యుడు కూడా ఉన్న మరొక బృందము చూసి చెప్పాలి. వీలైనంతవరకు ఒక్కో బృందము 48 గంటలలో తేల్చాలని కోర్టు అన్నది.

ఇంజెక్షను వేసి ప్రాణము తీయడము మన దేశములో ఎప్పుడూ అనుమతి లేదు, ఇప్పుడూ లేదు. చికిత్స ఆపడము వేరు, చంపడము వేరు. సౌలు యుద్ధభూమిలో తనను పొడవమని ఆయుధములు మోసేవానిని అడిగితే, వాడు భయపడి ఒప్పుకోలేదు. ఆ భయము మంచి భయము. కానీ పోయే ప్రాణమును యంత్రముతో పట్టుకొని వేలాడడమే విశ్వాసము అని కూడా బైబిలు ఎక్కడా చెప్పలేదు. యాకోబు కొడుకులను పిలిచి, చెప్పవలసినవన్నీ చెప్పి, మంచము మీద కాళ్ళు ముడుచుకొని ప్రాణము విడిచాడు.

ఇదంతా చట్టము. ఇక మన ఆసుపత్రి వరండా సంగతి వేరు. రాత్రి రెండు గంటలకు వైద్యుడు బయటికి వచ్చి "ఇక లాభము లేదు, తీసుకుపోతారా, ఉంచుతారా?" అంటాడు. పెద్దకొడుకు షార్జాలో. వాట్సప్‌లో అడుగుతారు. ఆరోగ్యశ్రీ దాటిన ఖర్చెంతో ఎవరికీ తెలియదు. బంగారము కుదువ పెట్టి ఒకరోజు, ఎకరము అమ్మకానికి పెట్టి మరొకరోజు. చివరకు సొంత ఇష్టముతో తీసుకుపోతున్నాము అని కాగితము మీద సంతకము పెట్టి అంబులెన్సు ఎక్కిస్తారు. ఆ కాగితములో వైద్య బృందమూ లేదు, 48 గంటలూ లేదు. నేను చెప్పగలిగినంతలో మన జిల్లాలలో చికిత్స ఆపే నిర్ణయాలు చాలావరకు ఇలాగే జరుగుతున్నాయి. డబ్బు అయిపోయింది కనుక ఆపాము అని చెప్పుకోలేక, తరువాత ఏండ్ల తరబడి "నేనే చంపుకున్నాను" అని కుమిలే కొడుకులను నేను చూశాను. సహోదరుడా, వైద్యులు ఆశ లేదన్న తరువాత నీ తండ్రిని ఇంటికి తెచ్చి, నోట్లో నీళ్ళు పోసి, చేయి పట్టుకొని కూర్చున్నావు. అది హత్య కాదు. ఆ మాట నీవు నీతో అనుకోవడము మానుకో.

అయితే ఇంటికి తెచ్చినా, ఏ ఇంటికి?

సిరిసిల్ల వంటి పట్టణాలలో కిరాయికి ఉండేవారికి ఈ ప్రశ్న బాగా తెలుసు. కొన్ని నక్షత్రాలలో ప్రాణము పోతే ఆ ఇంటిని మూడు నెలలో ఆరు నెలలో విడిచిపెట్టాలని ఒక నమ్మకము ఉన్నది. అందుచేత మనిషి చివరి దశలో ఉన్నాడని తెలిస్తే ఇంటి యజమాని ఇక్కడ వద్దు అంటాడు. శవమును లోపలికి రానివ్వరు. రోడ్డు పక్కన పరదా కట్టి దినాలు చేసుకున్న కుటుంబాల గురించి మీరూ పత్రికలలో చదివే ఉంటారు. నేను కళ్ళారా చూసినది ఒకటి చెబుతాను. ఊరు చెప్పను. వర్షాకాలము. మరమగ్గము నడిపే ఒక సహోదరుడిని ఆసుపత్రి నుండి తెస్తున్నారు, ఇంకా ప్రాణము ఉన్నది. గేటు దగ్గర యజమాని నిలబడి ఉన్నాడు. "అయ్యగారూ, నాకేమీ పట్టింపు లేదు, కానీ రేపు ఈ పోర్షనుకు ఎవరు వస్తారు? ఈ కిరాయి మీదనే కదా నేను బ్రతికేది" అన్నాడు. ఆ మనిషి దుర్మార్గుడు కాడు. ఇంకా సిగ్గుపడవలసిన సంగతి, ఆయన మన సంఘస్థుడే. నక్షత్రాలు నమ్మడు, నమ్మేవారి కిరాయిని నమ్ముకున్నాడు. ఆ రాత్రి ఆ సహోదరుడిని మందిరపు వరండాలో పడుకోబెట్టాము. తెల్లవారుజామున పోయాడు. అప్పటి నుండి ఆ మందిరములో వెనుక గది ఖాళీగా ఉంచుతున్నారు. ఏ మతము వారైనా సరే, అడిగితే తాళము ఇస్తారు.

చావుకు ఘడియ చూసే మనము, పుట్టుకకూ చూస్తున్నాము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారము తెలంగాణలో నూటికి 60 కాన్పులు పెద్దాపరేషనుతోనే జరిగాయి. కరీంనగర్ జిల్లాలో నూటికి 80కి పైగా. దేశములోనే ఇది చాలా ఎక్కువ. నూటికి పది, పదిహేను మించి అవసరము పడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో చెప్పిన మాటతో పోల్చి చూడండి. కరీంనగర్ ఆడబిడ్డల దేహాలు మిగతా లోకము కన్నా వేరుగా ఉన్నాయా? లేవు కదా. ఆసుపత్రికి ఆపరేషనులో వచ్చే డబ్బు ఒక కారణము. నొప్పుల భయము, పిల్లకు ఏమైనా అవుతుందేమోనన్న అత్తగారి తొందర కూడా ఉన్నాయి. ఆపైన ముహూర్తము. పంతులు గారు వ్రాసిచ్చిన ఘడియ చీటీ పట్టుకొని వచ్చేవారి గురించి అప్పటి ఆరోగ్య మంత్రి హరీశ్‌రావు గారు కూడా బహిరంగముగా మాట్లాడవలసి వచ్చింది. మనకు ముహూర్తాలు లేవని సంతోషపడకండి. "క్రిస్మస్ రోజున పుట్టేలా చూడండి డాక్టరమ్మా" అని అడిగిన విశ్వాసుల కుటుంబము నాకు తెలుసు. కొడుకు సెలవు అయిపోయి గల్ఫ్ విమానము ఎక్కేలోపు కావాలని అడిగినవారూ ఉన్నారు. తొందరపడి తీసిన బిడ్డకు కొన్నిసార్లు ఊపిరితిత్తులు పూర్తిగా తయారు కావు. తల్లికి మరుసటి కాన్పులో ప్రమాదము పెరుగుతుంది. అవసరమైనప్పుడు అదే ఆపరేషను ప్రాణము నిలుపుతుంది, అది వేరే మాట.

ఆ వేరే మాటే ఆసిఫాబాద్ వైపు వెళితే ఎదురవుతుంది. అదే సర్వేలో కుమురంభీం జిల్లాలో పెద్దాపరేషన్లు నూటికి ముప్పైకి లోపే. బాగున్నది అనుకోవద్దు. తిర్యాణి గుట్టలలో వర్షాకాలములో వాగు పొంగితే, నొప్పులు పడుతున్న గోండు తల్లిని మంచము మీదనో ఎడ్లబండి మీదనో దాటించాలి. అక్కడ కొందరికి ఆపరేషను అవసరమైనా అందదు. ఒకచోట అక్కరలేని కోత, మరొకచోట అక్కరైనా దొరకని కోత. రెండూ పాత మన రెండు జిల్లాలే. నీతి ప్రశ్న అంటే ఎప్పుడూ గర్భస్రావము గురించే మాట్లాడే మన ప్రసంగీకులు, నాతో సహా, ఈ వాగు గురించి ఎన్నిసార్లు మాట్లాడాము?

గర్భస్రావము సంగతి కూడా దాటవేయను. 1971 చట్టము దానిని కొన్ని కారణాలకు అనుమతించింది. 2021 సవరణ కొందరు స్త్రీలకు గడువును 24 వారాలకు పెంచింది. బిడ్డలో తీవ్రమైన లోపము ఉన్నదని వైద్య మండలి చెబితే ఆ గడువు దాటినా వీలున్నది. ఆడ, మగ చూసి చెప్పడము మాత్రము 1994 చట్టము ప్రకారము నేరము. అయినా పాత కరీంనగర్ జిల్లాలో ఆరేండ్ల లోపు పిల్లలలో వెయ్యిమంది మగపిల్లలకు 2001లో 960 దాటి ఉన్న ఆడపిల్లలు, 2011 జనాభా లెక్కల నాటికి 940 లోపుకు దిగిపోయారు. వెయ్యికి ఇరవై తగ్గితే ఒక్కొక్క ఊరి బడిలో ఒకటో రెండో జడలు తక్కువ. ఎవరికీ కనబడదు. బీద ఇంట్లో ఆడబిడ్డ అంటే కట్నము గుర్తుకు వస్తుంది. 2017లో ప్రభుత్వము బాలింతలకు సాయము మొదలుపెట్టినప్పుడు మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు అన్నది. ఆ వెయ్యి రూపాయల తేడా చూసి నాకు నవ్వు రాలేదు. అంత ఇచ్చి ఒప్పించవలసి వచ్చిందా అనిపించింది.

మన పెద్దల కాలములో పుట్టిన పిల్లలు దక్కకపోతే, తరువాతి బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మళ్ళీ ఎత్తుకొని, పెంటయ్య అనో పెంటమ్మ అనో పేరు పెట్టేవారు. ఎవరికీ అక్కరలేనిదని చావు కూడా వదిలేస్తుందని ఆశ. మూఢనమ్మకమే. కానీ ఆ పేరులో ఉన్న ఆరాటము చూడండి. ఎలాగైనా ఈ బిడ్డ బ్రతకాలి! ఇప్పుడు యంత్రము ముందు పడుకోబెట్టి, ఈ బిడ్డ బ్రతకాలా అని అడుగుతున్నాము.

స్కానింగులో లోపము కనబడిందని చెప్పగానే ఒక జంట నా దగ్గరికి వచ్చి, ఏమి చేయమంటారు అని అడిగారు. జీవము దేవునిది అని చెప్పడానికి నాకు అర నిమిషము పడుతుంది. ఆ అమ్మాయి ఒక్క మాట అడిగింది. "మా వీధిలో ఎదుగుదల లేని బాబు ఉన్నాడు. వాళ్ళమ్మ పన్నెండేండ్లుగా గుడికి రాలేదు. ఒక్క ఆదివారము కూడా ఆ బాబును చూస్తాము, నీవు గుడికి పో అని మన సంఘములో ఎవరూ అనలేదు. నాకు అట్లనే కాదా?" నాకు జవాబు రాలేదు. వారు ఏ నిర్ణయము తీసుకున్నారో చెప్పడము నా పని కాదు. మరుసటి ఆదివారము నుండి ఆ బాబు దగ్గర కూర్చోవడానికి యౌవనస్థులు వంతులు వేసుకున్నారు. పన్నెండేండ్లు ఆలస్యముగా.

ఐగుప్తులో షిఫ్రా, పూయా అనే మంత్రసానులు రాజు ఆజ్ఞకు భయపడక పిల్లలను బ్రతకనిచ్చారు. వారు ఉపన్యాసము చెప్పలేదు, వాదన చేయలేదు. కాన్పు పీట దగ్గర ఉన్నారు, అంతే. మన రాష్ట్రములో 2017 నుండి ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్ తోడ్పాటుతో ప్రభుత్వ నర్సులకు మంత్రసాని శిక్షణ ఇస్తున్నారని విన్నప్పుడు ఆ ఇద్దరు స్త్రీలే గుర్తుకు వచ్చారు. నొప్పుల వేళ పక్కన కూర్చొని, వీపు రాసి, భయము లేదమ్మా అనే మనిషి ఉంటే చాలా కోతలు అక్కరలేదని వారి అనుభవము. అలాగే చివరి దశ రోగులకు నొప్పి తగ్గించే వైద్యము ఉన్నది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఎప్పటి నుండో ఇస్తున్నారు. ఇటీవలి సంవత్సరాలలో జిల్లా ఆసుపత్రులకూ వచ్చింది. ఆ విభాగము ఎక్కడున్నదో మీ జిల్లా ఆసుపత్రిలో అడగండి. క్యాన్సరు నొప్పితో చావు కోరేవారు, మార్ఫిను సరిగా అందినాక మనుమరాలి పెళ్ళి గురించి అడుగుతారని వైద్యులు చెబుతారు.

అవయవదానము గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. "గుండె కొట్టుకుంటున్నది కదా అయ్యగారూ, ఎట్లా ఇస్తాము?" అంటారు. బండి ప్రమాదములో తలకు దెబ్బ తగిలి మెదడు పూర్తిగా మరణిస్తే, యంత్రము వల్ల గుండె కొంతసేపు కొట్టుకుంటుంది. నలుగురు వైద్యులు, కనీసము ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి చెబుతారు. వెంకటేశ్ కోరిక నాడు తీరలేదు కానీ, 2013 నుండి జీవన్‌దాన్ పథకము ద్వారా మన జిల్లాల కుటుంబాలు కూడా తమ పిల్లల అవయవాలు ఇస్తున్నాయి. పునరుత్థాన దినమున కళ్ళు లేకుండా లేస్తానా అని ఒక పెద్దాయన నన్ను అడిగారు. గోదావరిలో మునిగిపోయినవారిని లేపగల దేవునికి మీ కళ్ళు వెదకడము కష్టము కాదు అన్నాను. ఆయన నవ్వి కాగితము మీద సంతకము పెట్టారు.

ఇక ఆ మంచిర్యాల సహోదరికి నేను వ్రాసిన జవాబు. అమ్మా, నీ ప్రార్థన పాపము కాదు. మోషే చేసిన ప్రార్థనే నీవూ చేశావు. మామగారికి జావ మానివేయాలని నీకు ఎప్పుడైనా అనిపిస్తే, ఆ రాత్రి ఒక్కదానివే ఉండవద్దు, వెంటనే ఎవరినైనా పిలువు. ఆ గొట్టము ఉంచాలా తీయాలా అన్నది వైద్యునితో, నీ భర్తతో కలిసి మాట్లాడవలసిన సంగతి, నీవు ఒక్కదానివే మోయవలసినది కాదు. ఇంతకూ మంగళవారము రాత్రి ఆయనను పక్కకు తిప్పేది ఎవరు?

ఈ చివరి ప్రశ్ననే అక్కడి సంఘ పెద్దలకూ వ్రాశాను. డెబ్బదిమంది దొరకలేదు. అయిదుగురు దొరికారు. అందులో ముగ్గురు ఆయనతో కలిసి గనిలో దిగిన పాత కార్మికులు. కోడలి చేత ఒళ్ళు కడిగించుకోవడము ఆ పెద్దమనిషికి ఎంత సిగ్గుగా ఉండేదో, మాట లేక చెప్పలేకపోయాడని వారు వచ్చినాక తెలిసింది. వారు తుడుస్తుంటే కళ్ళు మూసుకోవడము మానేశాడట. ఇంటి యజమానితో కూడా పెద్దలే వెళ్ళి మాట్లాడారు. ఒప్పుకోలేదు, కానీ ఖాళీ చేయమని అడగడము ఆపారు.

మొన్న ఆమె రెండవ ఉత్తరము వచ్చింది. ఈసారి పది వాక్యాలే. మామగారు ఇంకా ఉన్నారు. వీపు మీద పుండు మానుతున్నది. వారానికి రెండు రాత్రులు తాను తెల్లవారే వరకు నిద్రపోతున్నానని వ్రాశారు. ప్రార్థన సంగతి వ్రాయలేదు. నేనూ అడగలేదు.